ట్యాబ్‌లో చీకటి దృశ్యాలు పాడుగా కనిపిస్తున్నాయా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పగటి దృశ్యాలన్నీ చక్కగానే ఉంటాయి. కథ రాత్రిలోకి అడుగుపెట్టగానే ఆకాశం నిండా చదరపు గడులు కదలాడతాయి, గోడల మీద చారలు తేలతాయి, నల్ల చొక్కా వేసుకున్న మనిషికి ముఖం తప్ప ఒళ్లు కనిపించదు. ట్యాబ్ పాడైందా, స్క్రీన్ మార్పించాలా, నెట్ ప్లాన్ పెంచుకోవాలా అని పాఠకులు అడుగుతూనే ఉన్నారు. చాలాసార్లు ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు. అలాగని అందరికీ పనికొచ్చే ఒకే మందు కూడా లేదు. చీకటి దృశ్యం మూడు చోట్ల పాడవుతుంది: వీడియోలోనే, దాన్ని ఆడించే యాప్‌లో, లేదా స్క్రీన్ మీద. ఎక్కడ పాడైందో తెలియకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే ఒక లోపం పోయి రెండు కొత్తవి వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో సగం తప్పును వెతకడానికే కేటాయించాను. దొరికాక సరిచేయడం తేలిక.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. మామూలు 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి. అందులోనూ వీడియోలు సాధారణంగా నలుపును 16 దగ్గర, తెలుపును 235 దగ్గర ఉంచుకుంటాయి. రాత్రి దృశ్యం మొత్తం ఆ మెట్లలో అడుగున ఉన్న కొద్దిపాటి మెట్ల మీదే నడవాలి. పైగా ఫైలు చిన్నదిగా ఉండటం కోసం కుదించేటప్పుడు, చీకట్లో వివరాలు ఎవరూ గమనించరన్న లెక్కతో కుదింపు ప్రోగ్రాములు అక్కడే ఎక్కువ కోత పెడతాయి. పగటి దృశ్యంలోనూ ఈ కోత ఉంటుంది, కానీ వెలుగులో దాక్కుంటుంది.

కావలసినవి

- మీ ట్యాబ్. ఛార్జింగ్ 50 శాతానికి పైగా ఉండాలి, బ్యాటరీ సేవర్ ఆపి ఉండాలి.
- పోల్చడానికి ఇంకో స్క్రీన్: ఫోను, ల్యాప్‌టాప్, టీవీ ఏదైనా సరే.
- మీకు బాగా ఇబ్బందిగా అనిపించిన దృశ్యం. అది వీడియోలో ఏ నిమిషం, ఏ సెకను దగ్గర వస్తుందో రాసిపెట్టుకోండి. ప్రతి మార్పు తర్వాత మళ్లీ అదే సెకను దగ్గరికి వెళ్లి చూడాలి. ఇది చేయకపోతే ఏ మార్పు పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.
- లైటు మరీ తీవ్రంగా లేని గది, ఒక మెత్తటి పొడి గుడ్డ.

ముందు లక్షణం గుర్తించండి

వీడియో బాగాలేదు అంటే సరిపోదు. ఎలా బాగాలేదో చూడండి.

చదరపు గడులు కనిపించి, మనుషులు కదిలినప్పుడల్లా అవి కూడా కదులుతుంటే అది కుదింపు లోపం. మూలం వీడియోలోనో, మీకు అందుతున్న నాణ్యతలోనో ఉంటుంది. 3, 4, 5 దశలు మీకోసం.

పొగమంచు, సంధ్యాకాశం, టార్చిలైటు చుట్టూ ఉండే వెలుగు లాంటి చోట్ల నునుపుగా మారాల్సిన ఛాయ మెట్లు మెట్లుగా విడిపోతే దాన్ని బ్యాండింగ్ అంటారు. ఇది వీడియోలో ఉండొచ్చు, స్క్రీన్‌లోనూ ఉండొచ్చు. 2వ దశలోని పరీక్ష తప్పనిసరి.

ముదురు రంగులన్నీ ఒకే నల్లటి ముద్దగా కలిసిపోతే నీడల్లోని వివరాలను ఏదో మింగేస్తోందని అర్థం. స్క్రీన్ సెట్టింగులే మొదటి అనుమానితులు.

నలుపు బూడిద రంగులో, పాలిపోయినట్టు ఉంటే మూడు కారణాలు ఉండొచ్చు: ఎల్‌సీడీ స్క్రీన్ స్వభావం, హెచ్‌డీఆర్ వీడియోను (వెలుగు నీడల పరిధి మామూలు కన్నా ఎక్కువగా ఉండే రకం) యాప్ సరిగా మార్చలేకపోవడం, లేదా రంగుల పరిధి తప్పుగా చదవడం.

దృశ్యం నడుస్తుండగా వెలుగు దానంతట అదే పెరిగి తగ్గుతుంటే అది దాదాపు ఎప్పుడూ ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ పనే, లేదా విద్యుత్ ఆదా చేసే ఏర్పాటు పని.

సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు సమంగా కదులుతుంటే తొందరపడకండి. అది సినిమా గ్రెయిన్ కావచ్చు, తక్కువ వెలుగులో తీసినప్పుడు కెమెరాలో పుట్టిన నాయిస్ కావచ్చు. మీ ట్యాబ్ తప్పు కాదు.

దశ 1: స్క్రీన్‌కు అడ్డొచ్చేవన్నీ ఆపండి

ఏ పరీక్షకైనా ముందు ఈ పని పూర్తి చేయాలి. ట్యాబ్ తయారీదారులు కంటికి హాయి, బ్యాటరీకి ఆదా అంటూ పెట్టిన సౌకర్యాలన్నీ చీకటి దృశ్యాల మీదే ముందుగా దెబ్బకొడతాయి.

ఆండ్రాయిడ్‌లో అడాప్టివ్ బ్రైట్‌నెస్, నైట్ లైట్ ఆపండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అనే సౌకర్యం వచ్చింది. రాత్రి చదువుకోవడానికి ఆన్ చేసి మరిచిపోయేవారు చాలామంది, దాన్నీ చూడండి. సామ్‌సంగ్ ట్యాబ్‌లలో ఐ కంఫర్ట్ షీల్డ్ ఆపి, స్క్రీన్ మోడ్‌ను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చండి. వివిడ్‌లో కాంట్రాస్ట్ పెంచి చూపిస్తారు కాబట్టి బ్యాండింగ్ చారలు మరింత గట్టిగా కనిపిస్తాయి.

ఐప్యాడ్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఉంటాయి. ఆటో బ్రైట్‌నెస్ మాత్రం అక్కడ ఉండదు. యాక్సెసిబిలిటీలోకి వెళ్లి డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ తెరిస్తే అడుగున కనిపిస్తుంది. అదే పేజీలో రెడ్యూస్ వైట్ పాయింట్ ఆన్‌లో ఉంటే ఆపండి. ఆన్‌లో ఉన్నంతసేపు తెర మొత్తం వెలుగు తగ్గిపోతుంది, బ్రైట్‌నెస్ స్లయిడర్ ఎంత జరిపినా ఆ లోటు పూర్తిగా తీరదు. లో పవర్ మోడ్ కూడా ఆపండి.

ట్యాబ్ వేడెక్కి ఉంటే చల్లారనివ్వండి. బాగా వేడెక్కినప్పుడు తెర వెలుగును తనంతట తానే తగ్గించుకునే ట్యాబ్‌లు ఉన్నాయి.

తర్వాత గుడ్డతో తెర తుడవండి. వేలిముద్రల జిడ్డు నలుపు మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. మ్యాట్ రకం స్క్రీన్ గార్డు గది వెలుగును చెదరగొట్టి నలుపును బూడిదగా మారుస్తుంది. ప్రైవసీ గార్డు పక్క నుంచి చూసేవారికి మొత్తం చీకటి చేస్తుంది. కొత్త గార్డు వేసిన తర్వాతే సమస్య మొదలైతే కారణం వెతుక్కోనక్కర్లేదు.

*సరిచూసుకోండి:* రాసుకున్న సెకను దగ్గర దృశ్యాన్ని మళ్లీ చూడండి. నీడల్లో వివరాలు తిరిగొస్తే, వెలుగు ఊగిసలాట ఆగితే మీ పని ఇక్కడే అయిపోయింది.

దశ 2: తప్పు వీడియోదా, స్క్రీన్‌దా తేల్చండి

ఈ వ్యాసంలో ఒక్క దశే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

1. యూట్యూబ్‌లోనో, మీ ట్యాబ్‌లో ఉన్న ఫైల్లోనో లోపం కనిపించే చోట వీడియో ఆపండి. చెల్లింపు సర్వీసులు పరీక్షకు పనికిరావు. కాపీ రక్షణ వల్ల వాటి స్క్రీన్‌షాట్ నల్లగా వస్తుంది, లేదా అసలు తీయనివ్వదు. హెచ్‌డీఆర్ వీడియో కూడా వద్దు, స్క్రీన్‌షాట్‌లో దాని రంగులు మారిపోవచ్చు.
2. ప్లేయర్ బటన్లు మాయమయ్యాక స్క్రీన్‌షాట్ తీయండి.
3. దాన్ని ఇంకో పరికరానికి పంపండి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, అప్పుడు కనిపించే గడులు ఆ యాప్ పెట్టినవి అవుతాయి. కేబుల్‌తో గానీ, డాక్యుమెంట్ రూపంలో గానీ, క్లౌడ్ నిల్వ ద్వారా గానీ పంపండి.
4. రెండో స్క్రీన్ మీద దాదాపు అంతే వెలుగులో, అంతే పరిమాణంలో చూడండి.

రెండో స్క్రీన్ మీదా గడులు, చారలు ఉంటే తప్పు వీడియోదో ప్లేయర్‌దో అయి ఉంటుంది, మీ స్క్రీన్ నిర్దోషి. అక్కడ నునుపుగా కనిపించి ట్యాబ్‌లో మాత్రమే పాడుగా ఉంటే స్క్రీన్‌నే చూడాలి, నేరుగా 7వ దశకు వెళ్లండి.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, ట్యాబ్ తెరను ఫోను కెమెరాతో ఫొటో తీసి పోల్చడం. కెమెరా తనకు నచ్చిన వెలుగు ఎంచుకుంటుంది, నీడలను లేపుతుంది, తనదైన నాయిస్ కలుపుతుంది. ఆ ఫొటో చూపించి స్క్రీన్ పాడైందని వాదించడం కుదరదు, పాడవలేదని నమ్మడమూ కుదరదు.

చెల్లింపు సర్వీసులో మాత్రమే సమస్య ఉంటే పరీక్షను కొద్దిగా మార్చండి. అదే ఖాతాతో, అదే వైఫై మీద, అదే సెకనును ఇంకో పరికరంలో చూడండి. అక్కడ బాగుంటే 4వ దశ చదవండి.

దశ 3: మీకు నిజంగా ఏ నాణ్యత అందుతోందో చూడండి

1080పీ అని ఎంచుకున్నాం కదా అని ఊరుకోవద్దు. అందుతున్నది ఏమిటో కళ్లతో చూడాలి.

యూట్యూబ్ యాప్ సెట్టింగుల్లో జనరల్ విభాగంలోకి వెళ్లి స్టాట్స్ ఫర్ నర్డ్స్ ఆన్ చేయండి. తర్వాత వీడియో నడుస్తున్నప్పుడు గేరు గుర్తు నొక్కి దాన్ని చూపించమనండి. ప్రస్తుత రిజల్యూషన్, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) పేరు అందులో ఉంటాయి. ఆటో అని ఉంటే నెట్ వేగం కాస్త తగ్గగానే నాణ్యత జారిపోతుంది. పగటి దృశ్యంలో మీరు గమనించని ఆ జారుడు చీకటి దృశ్యంలో వెంటనే కంటపడుతుంది. వీడియో క్వాలిటీ ప్రిఫరెన్సెస్‌లో హయ్యర్ పిక్చర్ క్వాలిటీ పెట్టండి. అంతటితో ఆగకుండా ఆ వీడియోకు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రిజల్యూషన్ చేత్తో ఎంచుకోండి.

ఇక్కడ ఒక ఉపాయం. మీ తెర 1080పీదే అయినా, వీడియోకు 1440పీ లేదా 2160పీ దొరుకుతుంటే దాన్నే ఎంచుకోండి. యూట్యూబ్ పెద్ద రిజల్యూషన్లకు ఎక్కువ బిట్‌రేటు, అంటే సెకనుకు ఎక్కువ డేటా, ఇస్తుంది. ఆ పెద్ద చిత్రాన్ని చిన్న తెరకు కుదించినప్పుడు గడులు కూడా చిన్నవై చాలావరకు కలిసిపోతాయి. చీకటి దృశ్యాలకు నేను ముందుగా చెప్పే చిట్కా ఇదే, ఎందుకంటే ఖర్చు లేకుండా వెంటనే తేడా కనిపిస్తుంది. డేటా ఎక్కువ ఖర్చవుతుంది, పాత ట్యాబ్ అయితే వీడియో తడబడవచ్చు. తడబడితే ఒక మెట్టు దిగండి.

రిజల్యూషన్ మార్చిన వెంటనే తీర్పు ఇవ్వకండి. అప్పటికే లోడయిన భాగం పాత నాణ్యతలోనే నడుస్తుంది. కనీసం అర నిమిషం వెనక్కి జరిపి మళ్లీ చూడండి.

మీ దగ్గర ఉన్న ఫైలు అయితే రిజల్యూషన్ కన్నా బిట్‌రేటు ముఖ్యం. లెక్క సులువు: ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో తీసుకుని 8తో హెచ్చించి, నిడివి సెకన్లతో భాగించండి. 2 గంటల సినిమా, అంటే 7200 సెకన్లు, 700 మెగాబైట్లు ఉంటే సెకనుకు 0.8 మెగాబిట్లు కూడా రావు. అదే సినిమా 4500 మెగాబైట్లు ఉంటే 5 మెగాబిట్లు వస్తాయి. 1080పీ, సెకనుకు 24 నుంచి 30 ఫ్రేముల వీడియో ఎక్కించేవారికి యూట్యూబ్ సూచించే బిట్‌రేటు 8 మెగాబిట్లు. డీవీడీలో వీడియోకు 9.8 వరకు, బ్లూ-రేలో 40 వరకు చోటుంది. 0.8 మెగాబిట్లతో వచ్చే 1080పీ ఫైల్లో రాత్రి ఆకాశం గడులు కట్టకుండా ఉండటం అసాధ్యం. దానికి సెట్టింగుల్లో మందు లేదు, మెరుగైన ప్రతి తెచ్చుకోవడమే మార్గం.

హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 లాంటి కొత్త కోడెక్‌లు హెచ్.264 కన్నా తక్కువ బిట్‌రేటుతో అదే నాణ్యత ఇవ్వగలవు కాబట్టి పై లెక్కలో కొంత సడలింపు ఇవ్వండి. రెండు ప్రతులు దొరికితే, ఒకే పరిమాణంలో ఉన్నప్పుడు 10 బిట్ హెచ్‌ఈవీసీ ప్రతిని తీసుకోండి. 10 బిట్‌లో ఒక్కో రంగుకు 1024 మెట్లుంటాయి, బ్యాండింగ్ బాగా తగ్గుతుంది. అది మొదటి నుంచీ మంచి మూలం నుంచి చేసినదై ఉండాలి. నాసిరకం 8 బిట్ ఫైలును 10 బిట్‌గా మార్చినంత మాత్రాన పోయిన మెట్లు తిరిగిరావు.

దశ 4: చెల్లింపు సర్వీసుల్లో చూడాల్సినవి

మొదట యాప్‌లోని డేటా ఆదా సెట్టింగు. నెట్‌ఫ్లిక్స్‌లో యాప్ సెట్టింగుల్లో మొబైల్ డేటా వినియోగం ఉంటుంది, డౌన్‌లోడ్‌ల నాణ్యత విడిగా ఉంటుంది. డౌన్‌లోడ్ నాణ్యత స్టాండర్డ్‌లో ఉంటే దాన్ని హైకి మార్చి, పాత డౌన్‌లోడ్‌ను తొలగించి మళ్లీ దించుకోండి. సెట్టింగు మారిస్తే ముందే దించిన ఫైలు మారదు. ప్రైమ్ వీడియోలో స్ట్రీమింగ్ నాణ్యతను గుడ్, బెటర్, బెస్ట్ అంటూ వర్గాలుగా పెట్టారు. బెస్ట్ ఎంచుకోండి.

రెండోది ఆండ్రాయిడ్ వారు తప్పక చూడాల్సిన విషయం. ఈ సర్వీసులు కాపీ రక్షణకు వైడ్‌వైన్ అనే ఏర్పాటును వాడతాయి. ట్యాబ్‌కు ఎల్1 స్థాయి ఉంటేనే సాధారణంగా హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 ఉన్నవాటికి చాలా సర్వీసులు 480పీ, 540పీ దగ్గరే ఆపేస్తాయి. అంత చిన్న చిత్రాన్ని 10, 11 అంగుళాల తెరకు సాగదీస్తే చీకటి దృశ్యం చెదరక తప్పదు. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరిస్తే వైడ్‌వైన్ స్థాయి, గరిష్ఠ రిజల్యూషన్ కనిపిస్తాయి. నెట్‌ఫ్లిక్స్ లేకపోతే డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్‌లో చూడొచ్చు.

ట్యాబ్ ఎల్3 అని తేలితే దాన్ని ఎల్1 చేస్తామని చెప్పే చిట్కాలను నమ్మకండి. అది తయారీ దశలోనే పరికరంలో అమర్చేది. మీరు బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి ఉంటే లేదా ట్యాబ్‌ను రూట్ చేసి ఉంటే మాత్రం ఎల్1 ఉన్నది ఎల్3కి పడిపోయి ఉండొచ్చు. తయారీదారు అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి వేసి బూట్‌లోడర్ మూస్తే కొన్ని మోడళ్లలో తిరిగొస్తుంది. ఈ పనిలో ట్యాబ్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది, ముందు బ్యాకప్ తీసుకోండి. ఐప్యాడ్‌లకు ఈ వైడ్‌వైన్ బెడద లేదు, యాప్‌లలో ఆపిల్ సొంత రక్షణ ఏర్పాటు నడుస్తుంది.

బ్రౌజర్‌లో చూస్తుంటే యాప్‌లోకి మారండి. మొబైల్ బ్రౌజర్లకు తక్కువ నాణ్యత పంపే సర్వీసులు ఉన్నాయి. మీ చందాలోనే హెచ్‌డీ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

దశ 5: ప్లేయర్‌ను మార్చి చూడండి

ఫైలు మంచిదే, బిట్‌రేటూ చాలినంత ఉంది, అయినా స్క్రీన్‌షాట్‌లో లోపం కనిపించిందంటే అనుమానం ప్లేయర్ మీదికి వెళ్తుంది. అదే ఫైలును ఇంకో ప్లేయర్‌లో తెరవండి. తేడా ఉంటే ఇలా చేయండి.

వీఎల్‌సీలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను డిసేబుల్డ్‌కు మార్చండి. ఎంఎక్స్ ప్లేయర్‌లో తెర పైభాగాన ఉండే హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్) గుర్తు నొక్కి ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) ఎంచుకోండి. చిప్‌లోని డీకోడర్ కొన్ని ఫైళ్లను సరిగా విప్పలేదు. ముఖ్యంగా 10 బిట్ హెచ్.264 ఫైళ్లకు ట్యాబ్ చిప్‌లలో దాదాపు ఎక్కడా మద్దతు లేదు. పచ్చటి, గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. సాఫ్ట్‌వేర్ డీకోడింగ్‌లో బ్యాటరీ త్వరగా అయిపోతుంది, 4కే ఫైలు తడబడుతుంది.

సాఫ్ట్‌వేర్ డీకోడింగ్‌లో ఉన్నప్పుడే పనికొచ్చే మరో సెట్టింగు వీఎల్‌సీ అడ్వాన్స్‌డ్ విభాగంలో ఉంది: డీబ్లాకింగ్ ఫిల్టర్. దాన్ని ఫుల్‌కు పెట్టండి. గడుల అంచులను నునుపు చేసే పనిని వేగం కోసం ప్లేయర్ వదిలేయకుండా ఇది ఆపుతుంది.

బ్యాండింగే మీ బాధ అయితే ఎంపీవీ ఆండ్రాయిడ్ ప్లేయర్ వేసుకోండి. దాని వీడియో సెట్టింగుల్లో డీబ్యాండింగ్ ఉంది. చారల సరిహద్దులను చెరిపి, సన్నటి గ్రెయిన్ కలిపి కంటికి నునుపుగా చూపిస్తుంది. పోయిన వివరాన్ని తేదు గానీ, పొగమంచు దృశ్యాల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఉచితంగా దొరికే ప్లేయర్‌లో ఇంత మంచి సౌకర్యం ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

దశ 6: హెచ్‌డీఆర్ తికమకను తీర్చండి

హెచ్‌డీఆర్10 లేదా డాల్బీ విజన్ ఫైలును ఆ సామర్థ్యం లేని తెర మీద చూపించాలంటే ప్లేయర్ దాన్ని మామూలు పరిధికి మార్చాలి. ఆ మార్పు చేయకపోతే చిత్రమంతా పాలిపోయి, మసకగా ఉంటుంది. ఫైలు పేరులో గానీ వివరాల్లో గానీ హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ అని ఉంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. మామూలు ఎస్‌డీఆర్ ప్రతి దొరికితే దానికి మారండి. దొరకకపోతే మార్పు సరిగా చేసే ప్లేయర్ వాడండి, పైన చెప్పిన ఎంపీవీ ఆ పని చేస్తుంది. తెరకు హెచ్‌డీఆర్ సామర్థ్యం ఉన్నా, గది బాగా వెలుతురుగా ఉన్నప్పుడు ఎస్‌డీఆర్ ప్రతిలోనే నీడలు తేటగా కనిపించవచ్చు.

ఫైలు హెచ్‌డీఆర్ కాకపోయినా నలుపు బూడిదగా ఉంటే, లేదా నీడలు పూర్తిగా మునిగిపోతే, ప్లేయర్ 16 నుంచి 235 వరకు ఉన్న వీడియోను 0 నుంచి 255 అనుకుని చదువుతుండొచ్చు. దానికి తిరగబడినదీ జరగొచ్చు. ప్లేయర్ మార్చగానే సర్దుకుంటే కారణం అదే.

దశ 7: స్క్రీన్‌ను విడిగా పరీక్షించండి

పరీక్ష బొమ్మ మీరే చేసుకోవచ్చు. రంగుల విలువలు అంకెల్లో ఇచ్చే ఏ డ్రాయింగ్ యాప్ అయినా చాలు. నేపథ్యం పూర్తి నలుపు, అంటే మూడు రంగులకూ 0 పెట్టండి. దాని మీద వరుసగా 2, 4, 6, 8, 12, 16, 24 విలువలతో చదరాలు గీయండి. ఒక్కో చదరానికి మూడు రంగులకూ అదే విలువ ఇవ్వాలి. పీఎన్‌జీగా భద్రపరిచి, గదిలో లైట్లు తగ్గించి, తెర నిండా తెరవండి. బ్రైట్‌నెస్ సగం దగ్గర ఉంచండి.

మొదటి రెండు చదరాలు కనిపించకపోయినా బెంగ లేదు. 12, 16 కూడా కనిపించకపోతే తెర నీడలను మింగేస్తోంది. దశ 1 సెట్టింగుల్లో ఏదో మిగిలిపోయిందేమో చూసి, స్క్రీన్ మోడ్ మార్చి మళ్లీ పరీక్షించండి. చదరాలన్నీ కనిపిస్తున్నా నేపథ్యమే బూడిదగా ఉంటే అది ఎల్‌సీడీ స్వభావం. వెనక నుంచి వచ్చే వెలుగును ఎల్‌సీడీ పూర్తిగా ఆపలేదు. చీకటి గదిలో దీన్ని మార్చే సెట్టింగు ఏదీ లేదు, బ్రైట్‌నెస్ తగ్గించి, తెర వెనక చిన్న దీపం వెలిగించుకుంటే కంటికి నలుపు నల్లగా అనిపిస్తుంది.

అమోలెడ్ తెరల కథ వేరు. అక్కడ నల్ల పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి నలుపు గొప్పగా ఉంటుంది. కానీ బ్రైట్‌నెస్‌ను బాగా అడుక్కి దించితే, దాదాపు నల్లగా ఉండే ఛాయల్లో మచ్చలు, లేత రంగు జీర కనిపించవచ్చు. ఇలాంటప్పుడు బ్రైట్‌నెస్ కాస్త పెంచడమే మందు. ఎల్‌సీడీకి చెప్పిన సలహాకు ఇది సరిగ్గా వ్యతిరేకం, అందుకే మీ తెర ఏ రకమో ముందు తెలుసుకోండి. మినీ ఎల్‌ఈడీ తెరల్లో నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాల చుట్టూ వెలుగు వలయం కనిపిస్తే అది ఆ సాంకేతికతలో ఉన్నదే. 2021లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోలో వెనక వెలుగును 2,596 విభాగాలుగా పంచినా ఆ వలయం పూర్తిగా పోలేదు.

ట్యాబ్‌ను చేతిలో అటూ ఇటూ వంచి చూడండి. కోణం మారగానే నీడలు మారిపోతుంటే, స్టాండు మీద నిలబెట్టి ఎదురుగా కూర్చుని చూడటమే పరిష్కారం. ఒక మూల నుంచి మాత్రమే వెలుగు కారుతున్నట్టు ఉండి, వారంటీ ఇంకా ఉంటే సర్వీసు కేంద్రానికి చూపించండి.

దశ 8: ఇప్పుడు బ్రైట్‌నెస్ సర్దండి

అందరూ మొదట చేసే ఈ పనిని చివరకు ఎందుకు పెట్టానో ఈపాటికి అర్థమై ఉంటుంది. వీడియోలో గడులు ఉన్నప్పుడు బ్రైట్‌నెస్ పెంచితే వివరం పెరగదు, గడులు పెరిగినట్టు కనిపిస్తాయి. సామ్‌సంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్లలో వీడియో బ్రైట్‌నెస్‌ను బ్రైట్‌కు పెట్టినా ఫలితం అంతే. మంచి వీడియోకు బాగుంటుంది, నాసి వీడియోలోని లోపాలను బయటపెడుతుంది.

రాసుకున్న దృశ్యం దగ్గర ఆపి, పరిసరాల వెలుగుకు తగ్గట్టు స్లయిడర్ జరపండి. ముదురు దుస్తుల మడతలు కనిపించాలి, నల్లటి అంచులు మాత్రం మెరవకూడదు. ఆ చోట ఆపేయండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎండలోంచి వచ్చి వెంటనే చూస్తే ఎంత మంచి తెర అయినా నల్లటి ముద్దలాగే ఉంటుంది. కాసేపు ఆగి తుది నిర్ణయం తీసుకోండి.

చేయకూడనివి

ఫైలును హెచ్‌డీగా మారుస్తామనే యాప్‌ల జోలికి వెళ్లకండి. ఉన్న ఫైలును మళ్లీ కుదించడం అంటే ఇంకో విడత కోత పెట్టడమే. ప్లేయర్‌లో కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ పెంచితే గడుల అంచులే ముందు పదునెక్కుతాయి. తెర రంగులు మార్చే యాప్‌లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే ఏది దేన్ని పాడుచేసిందో విప్పలేరు. ఒకసారి ఒక్కటే మార్చండి, చూడండి, పనిచేయకపోతే వెనక్కి పెట్టేసి తర్వాతది మార్చండి.

ఇవన్నీ చేసినా మిగిలితే

మంచి ప్రతి, మంచి ప్లేయర్, సరిగా ఉన్న తెర, అయినా చీకటి చీకటిగానే ఉంటే ఆ దృశ్యాన్ని అలాగే తీసి ఉండొచ్చు. వేరే రెండు మూడు సినిమాల్లోని రాత్రి దృశ్యాలు చూడండి, అవి బాగుంటే మీ ట్యాబ్‌లో సరిచేయాల్సింది ఏమీ లేదు.

ఒక సర్వీసులో ఒకే సినిమా అన్ని పరికరాల్లోనూ గడులు కడుతుంటే వారికి రాయండి. సినిమా బాగాలేదు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. సినిమా పేరు, లోపం కనిపించే నిమిషం, సెకను, ట్యాబ్ మోడల్, యాప్ వెర్షన్, అప్పుడున్న నెట్ వేగం, వేరే ఏ పరికరాల్లో పరీక్షించారో రాయండి. వారి దగ్గరున్న ఫైల్లోనే లోపం ఉంటే, దాన్ని వెతికి కొత్త ప్రతి పెట్టడానికి వారికి కావలసిన వివరాలు ఇవే.